గేటు ముందు బోర్డు



మా చదువు కేంద్రం అల్వాల్‌లో ఉంది. రాత్రి పూట నడుస్తుంది. పగలంతా పనికి పోయి వచ్చిన వాళ్లు అక్కడ చదువుకుంటారు. కొందరు ఇళ్లల్లో పని చేస్తారు. కొందరు జీడిమెట్ల, మేడ్చల్ వైపు కంపెనీలకు పోతారు.

ఒకరోజు కంపెనీకి పోయే ఒక అక్క నన్ను అడిగింది.

"టీచరమ్మా, మా కంపెనీల గోడకు ఒక కాయితం అద్దం కట్టి తగిలిచ్చిన్రు. దాని మీద అంత ఇంగ్లీషే ఉంది. అది నాకు రాదు. అంకెలు మాత్రం చదివిన. ఒకటి, నాలుగు, సున్నా, సున్నా, ఒకటి. గదేంది?"

మాకందరికీ సంతోషమైంది. పోయిన ఏడాది ఈ అక్కకు బస్సు నంబరు కూడా తెలియదు. అంకెలు పలక మీద రాసి కలిపి చదివాం. పద్నాలుగు వేల ఒకటి.

"అన్ని పైసలా? మా జీతం కన్నా ఎక్కువనే ఉంది" అన్నది ఇంకో అక్క. అందరూ నవ్వారు.

అవి పైసలు కావు. అది ఒక పద్ధతికి పెట్టిన నంబరు. ఆ పద్ధతి ఏమిటి? కంపెనీలు దాన్ని ఎందుకు పాటిస్తాయి? దానితో మంచి పేరు ఎట్లా వస్తుంది? వచ్చిన పేరు ఎట్లా పోతుంది? మనకు దానితో ఏం పని? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సంఘం పుస్తకం, కంపెనీ పుస్తకం

మీలో చాలామంది పొదుపు సంఘంలో ఉన్నారు. సంఘం ఎట్లా నడుస్తుంది?

ముందు అందరూ కూర్చుంటారు. నెలకు ఎంత కట్టాలో తీర్మానం చేస్తారు. తర్వాత అనుకున్నట్టు కడతారు. పుస్తకంలో రాస్తారు. మళ్ళీ కూర్చున్నప్పుడు పుస్తకం తీసి చూస్తారు. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని అడుగుతారు. తప్పు ఉంటే దిద్దుకుంటారు. బయటి మనిషి వచ్చి పుస్తకం తనిఖీ చేస్తారు. పుస్తకం సరిగా ఉన్న సంఘాన్ని బ్యాంకు నమ్ముతుంది. అప్పు ఇస్తుంది.

కంపెనీ పద్ధతి కూడా ఇట్లాంటిదే. సంఘం పుస్తకంలో పైసల లెక్క ఉంటుంది. కంపెనీ పుస్తకంలో నీళ్ల లెక్క, పొగ లెక్క, చెత్త లెక్క ఉంటుంది. దీనిని పర్యావరణ నిర్వహణ పద్ధతి అంటారు. పర్యావరణం అంటే మన చుట్టూ ఉన్న నేల, నీరు, గాలి, చెట్టు, జీవాలు. నిర్వహణ అంటే ఒక పనిని క్రమంగా నడుపుకోవడం.

ఈ పద్ధతిలో నాలుగు పనులు ఉంటాయి.

మొదటిది, అనుకోవడం. మన ఫ్యాక్టరీ నుంచి ఏమేం బయటికి పోతున్నాయి? ఎంత పోతున్నాయి? వాటిని ఎంతకు తగ్గించాలి? ఇవన్నీ ముందుగా రాసుకోవాలి.

రెండవది, చేయడం. ఏ పని ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. పనివాళ్లకు నేర్పాలి. డ్రమ్ము కారితే ఏం చేయాలి, మంట లేస్తే ఎటు పోవాలి అన్నది అందరికీ తెలియాలి.

మూడవది, చూసుకోవడం. అనుకున్నది జరిగిందా, లేదా? కొలిచి రాయాలి.

నాలుగవది, సరిదిద్దుకోవడం. జరగకపోతే ఎందుకు జరగలేదో కనుక్కోవాలి. మళ్ళీ జరగకుండా చేయాలి.

స్విట్జర్లాండ్ దేశంలో జెనీవా అనే ఊరు ఉంది. అక్కడ ఐ.ఎస్.ఓ. అనే సంస్థ ఉంది. వస్తువులు, పనులు ఎట్లా ఉండాలో అది నియమాలు రాస్తుంది. ఈ పద్ధతి నియమాలను 1996లో మొదటిసారి ఇచ్చింది. వాటి నంబరే 14001. తర్వాత 2004లో, 2015లో ఆ నియమాలను సవరించారు.

సర్టిఫికెట్ మాత్రం ఐ.ఎస్.ఓ. ఇవ్వదు. వేరే తనిఖీ సంస్థలు ఇస్తాయి. మీ ప్రెషర్ కుక్కర్ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది కదా! ఆ గుర్తు వెనుక ఉన్న సంస్థ పేరు భారతీయ ప్రమాణాల బ్యూరో. అది కూడా ఈ సర్టిఫికెట్ ఇస్తుంది. ఒకసారి ఇస్తే మూడేళ్లు నడుస్తుంది. నడుమ కూడా తనిఖీకి వస్తారు.

ఈ సర్టిఫికెట్ తీసుకోవాలని చట్టం చెప్పలేదు. అయినా కంపెనీలు ఖర్చు పెట్టి ఎందుకు తీసుకుంటాయి? దానికి నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటి కారణం: చట్టం భయం

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి. భోపాల్ నగరం నిద్రపోతున్నది. యూనియన్ కార్బైడ్ అనే పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బయటికి వచ్చింది. తెల్లవారేసరికి ఎందరో చనిపోయారు. చనిపోయిన వారు వేలలో ఉన్నారు. బతికిన వారిలో ఎందరికో కళ్లు, ఊపిరితిత్తులు పాడయ్యాయి.

నీటి కాలుష్యం మీద 1974లోనే చట్టం వచ్చింది. గాలి కాలుష్యం మీద 1981లో వచ్చింది. భోపాల్ తర్వాత, 1986లో, పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలు ఎంత వదలవచ్చో హద్దులు పెట్టారు. హద్దు దాటితే కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇస్తుంది. కరెంటు ఆపించవచ్చు. ఫ్యాక్టరీ మూయించవచ్చు.

రోజూ లెక్క రాసుకునే కంపెనీకి తప్పు ముందే తెలుస్తుంది. మూత పడేదాకా రాదు. అందుకే పుస్తకం పెట్టుకుంటుంది.

రెండవ కారణం: ఖర్చు తగ్గుతుంది

మురుగులో పోయేది ఊరికే రాలేదు. కంపెనీ పైసలు పెట్టి కొన్నదే మురుగులో పోతుంది.

మందుల ఫ్యాక్టరీలలో మందు తయారీకి కొన్ని ద్రావకాలు వాడతారు. ద్రావకం అంటే మందును కరిగించే రసాయనం. వాడిన ద్రావకాన్ని పారబోస్తే నీరు చెడుతుంది, పైసలూ పోతాయి. దానినే వేడి చేసి, ఆవిరిని పట్టి చల్లబరిస్తే మళ్ళీ ద్రావకం దొరుకుతుంది. మళ్ళీ వాడుకోవచ్చు. ఇట్లాగే వేడి నీళ్లను పారబోయకుండా తిరిగి బాయిలర్‌లో పోస్తే బొగ్గు మిగులుతుంది.

బియ్యం కడిగిన నీళ్లను మనం కుడితిలో పోస్తాం, చెట్టుకు పోస్తాం. ఇదీ అట్లాంటి బుద్ధే.

మూడవ కారణం: కొనేవాళ్లు అడుగుతారు

అమెరికాలో ఫోర్డ్ అనే పెద్ద కార్ల కంపెనీ ఉంది. దానికి బోల్టులు, అద్దాలు, తోలు, రబ్బరు అమ్మే చిన్న కంపెనీలు ఎన్నో ఉన్నాయి. 1999లో ఫోర్డ్ ఆ కంపెనీలకు ఒక మాట చెప్పింది. మాకు సరుకు అమ్మాలంటే 14001 సర్టిఫికెట్ ఉండాలి అన్నది. జనరల్ మోటార్స్ అనే ఇంకో కార్ల కంపెనీ కూడా అదే మాట అన్నది. అప్పటినుంచి ఈ నంబరుకు గిరాకీ పెరిగింది.

మన దగ్గర తయారైన మందులు ఎన్నో దేశాలకు పోతాయి. అక్కడ కొనేవాళ్లు ధర ఒక్కటే అడగరు. మీ మురుగు ఎటు పోతుంది అని కూడా అడుగుతారు.

నాలుగవ కారణం: పేరు

పొలం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, పేరు పోతే కొనుక్కోలేం అని పెద్దలు అంటారు. కంపెనీలకూ అంతే. మంచి పేరు ఉంటే బ్యాంకు నమ్ముతుంది. కొనేవాళ్లు వస్తారు. మంచి పనివాళ్లు దొరుకుతారు. ఫ్యాక్టరీ పెంచుతామంటే ఊరివాళ్లు అడ్డం రారు.

పేరు పోతే ఏమవుతుంది? యూనియన్ కార్బైడ్ సంగతే చూడండి. 2001లో ఆ కంపెనీని డౌ అనే అమెరికా కంపెనీ కొన్నది. కానీ ఆ పేరు వింటే జనానికి ఇప్పటికీ భోపాలే గుర్తుకు వస్తుంది.

అంత దూరం ఎందుకు? మన పక్కనే పటాన్‌చెరు ఉంది.

పటాన్‌చెరు కథ

పటాన్‌చెరు, బొల్లారం వైపు 1970ల నుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి. మందులవి, రంగులవి, రసాయనాలవి ఎన్నో వచ్చాయి. పనులు దొరికాయి. కానీ మురుగు నీళ్లు వాగులలో కలిశాయి. అక్కడ నక్కవాగు అనే వాగు ఉంది. అది మంజీరా నదిలో కలుస్తుంది. ఆ వాగు నీళ్లు చెడిపోయాయి. బావులు చెడిపోయాయి. పొలాలు పండలేదు. పశువులు చనిపోయాయి.

ఊళ్ల వాళ్లు ఊరుకోలేదు. ధర్నాలు చేశారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది.

ఫ్యాక్టరీల మురుగును ఒక్క చోట చేర్చి శుభ్రం చేసే ప్లాంటు అక్కడ కట్టారు. జీడిమెట్లలో ఇట్లాంటి ప్లాంటు అంతకుముందే, 1989లో, మొదలైంది. ప్లాంట్లు వచ్చాయి కాబట్టి కష్టం తీరిందని చాలామంది అనుకున్నారు.

2007లో ఒక సంగతి బయటపడింది. స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ప్లాంటులో శుభ్రం చేసి వదిలే నీళ్లను పరీక్షించారు. ఆ ప్లాంటుకు దాదాపు 90 మందుల కంపెనీల మురుగు వచ్చేది. ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు దొరికింది. జ్వరాలకు, విరేచనాలకు డాక్టర్లు రాసే మందు అది. ఒక్క లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

నీళ్లలో మందు ఉంటే మంచిదే కదా అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. కానీ అది మంచిది కాదు. క్రిములు రోజూ ఆ మందులో మునిగి ఉంటే వాటికి మందు అలవాటు అవుతుంది. బలహీనమైన క్రిములు చస్తాయి. మొండివి మిగిలి పెరుగుతాయి. అట్లాంటి క్రిమి మన పిల్లవానికి సోకితే మందు వేసినా జ్వరం తగ్గదు.

ఈ సంగతి ప్రపంచమంతా తెలిసింది. పటాన్‌చెరు పేరు పరాయి దేశాల పేపర్లకు ఎక్కింది. ఇక్కడి మందులు కొనే దేశాలలో ప్రశ్నలు లేచాయి. పెద్ద మందుల కంపెనీలు కూడి, మురుగులో మందు ఎంతకు మించి ఉండకూడదో హద్దులు రాసుకోవలసి వచ్చింది. 2018లో ఆ నియమాలు బయటికి వచ్చాయి. ఊళ్ల వాళ్లు ఏళ్లుగా మొత్తుకున్నా కదలనిది, పేరు పోతుందన్న భయంతో కొంత కదిలింది.

సర్టిఫికెట్ ఉంటే నీళ్లు మంచివేనా?

కావు అని చెప్పలేం. అవును అని కూడా చెప్పలేం. ఇది జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

14001 నియమాలలో మురుగు ఇంతే ఉండాలి అనే అంకె లేదు. చట్టం పాటిస్తాం, లెక్క రాసుకుంటాం, ఏటేటా మెరుగుపడతాం అనే మాట మాత్రమే ఉంది. అంటే అది ఒక ఒప్పుకోలు కాగితం. ఒప్పుకున్నది చేస్తే మేలే. చాలా చోట్ల చేస్తారు కూడా. చేయకపోతే అది గోడకు వేలాడే బొమ్మే.

సంఘం పుస్తకం బాగా రాసి ఉండవచ్చు. పెట్టెలో పైసలు లేకపోవచ్చు. అట్లాంటి సంఘాలను మనం చూశాం కదా!

జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ అనే పెద్ద కార్ల కంపెనీ ఉంది. దాని ఫ్యాక్టరీలకు పర్యావరణ సర్టిఫికెట్లు ఉన్నాయి. కానీ 2015 సెప్టెంబరులో దాని మోసం బయటపడింది. డీజిల్ కార్లకు పొగ పరీక్ష చేసేటప్పుడు పొగ తక్కువగా వచ్చేటట్టు, రోడ్డు మీద ఎక్కువ వచ్చేటట్టు ఏర్పాటు చేశారు. ఒకటి కాదు, రెండు కాదు. ప్రపంచం మొత్తం మీద 1 కోటి 10 లక్షల కార్లు. కొద్ది రోజులలోనే కంపెనీ వాటాల విలువ మూడో వంతు పడిపోయింది. పెద్ద అధికారి రాజీనామా చేశాడు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

మా అక్క కూడా ఒక మాట చెప్పింది.

"తనిఖీకి వచ్చే దినం మాకు కొత్త గ్లౌజులు ఇస్తరు టీచరమ్మా. నేలంత కడిగిస్తరు. వాళ్లు పోయినంక మళ్ల పాత గ్లౌజులే. ఏళ్లు కనబడుతయి."

తనిఖీ చేసేవాళ్లు ఏడాదిలో ఒకటి రెండు రోజులు వస్తారు. మిగిలిన రోజులు ఎవరు చూస్తారు? లోపల పనిచేసే వాళ్లు చూస్తారు. బయట ఆ నీళ్లు తాగే వాళ్లు చూస్తారు. అంటే మనమే. కంపెనీకి నిజమైన పేరు మన నోటి నుంచే రావాలి. అందుకు మనం చూసి చదవగలగాలి.

గేటు ముందు ఏం చదవాలి?

2003 అక్టోబరు 14న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రమాదకరమైన రసాయనాలు వాడే ఫ్యాక్టరీలు గేటు బయట బోర్డు పెట్టాలి. లోపల ఏ రసాయనాలు ఎంత ఉన్నాయి, గాలిలోకి ఏం పోతుంది, మురుగు నీరు ఎంత, ప్రమాదకరమైన చెత్త ఎంత అనేవి అందులో రాయాలి. బోర్డు గేటు లోపల కాదు, బయటే ఉండాలి. దారిన పోయేవాళ్లు చదవడానికే ఆ బోర్డు.

ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. అంకెలు చదవండి.

ముందు తేదీ చూడండి. ఆ బోర్డు మీద అంకెలు ఎప్పటివి? నిన్నటివా, పోయిన ఏడాదివా?

తర్వాత రెండు అంకెలు పోల్చండి. సాధారణంగా ఒక చోట అనుమతి ఎంత అని ఉంటుంది. ఇంకో చోట ఎంత వచ్చింది అని ఉంటుంది. వచ్చింది అనుమతి కంటే ఎక్కువ ఉందా?

పి.హెచ్. అనే అంకె చూడండి. మంచి నీళ్లకు అది 7 దగ్గర ఉంటుంది. చింతపండు పులుసు లాగా పుల్లగా ఉన్న వాటికి 7 కంటే తక్కువ. సున్నపు నీళ్లకు 7 కంటే ఎక్కువ. వాగులోకి, చెరువులోకి వదిలే నీళ్లకు మామూలుగా 5.5 నుంచి 9 లోపల ఉండాలి.

అంకెలన్నీ ఏ రోజు చూసినా ఒక్కటే ఉన్నాయా? అట్లా ఉంటే అనుమానించాలి. మన ఇంట్లో పప్పు ఖర్చు కూడా ప్రతి నెలా ఒక్కటే ఉండదు కదా!

తప్పు కనిపిస్తే ఏం చేయాలి?

బోరు నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా తాగడం ఆపండి. మరగబెడితే క్రిములు చస్తాయి. రసాయనాలు పోవు. సీసాలో నీళ్లు పట్టి, తేదీ, చోటు రాసి పెట్టండి.

ఒక్కరే పోవద్దు. సంఘంగా పోండి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి కాగితం రాసి ఇవ్వండి. జనం దాన్ని పొల్యూషన్ బోర్డు అంటారు. దాని పెద్ద ఆఫీసు సనత్‌నగర్‌లో ఉంది. ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఫలానా ఫ్యాక్టరీకి ఏం అనుమతి ఇచ్చారు, నీళ్ల పరీక్షలో ఏం తేలింది అని ఆ చట్టం కింద అడగవచ్చు. మామూలుగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

కొన్ని రకాల పెద్ద ఫ్యాక్టరీలు రావాలంటే ముందు ప్రజల సభ పెట్టాలి. దానికి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ సభలో మాట్లాడే హక్కు మనకూ ఉంది.

అక్క ఏం చేసింది?

ఈ పాఠం అయిన కొన్నాళ్లకు అక్క మళ్ళీ వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది.

"టీచరమ్మా, మా గేటు బోర్డు చదివిన. మూడు నెలల కిందటి తేదీ ఉంది. సూపర్‌వైజరు సారును అడిగిన. సారూ, ఈ తేదీ మార్చరా అని. నీకు చదువు వచ్చునా అన్నడు. వచ్చు అన్నా."

తర్వాతి వారం బోర్డు మీద తేదీ మారింది. అంకెలు కూడా మారాయి. గ్లౌజులు మాత్రం ఇంకా రాలేదు. ఈసారి నలుగురు కలిసి అడుగుతామని చెప్పింది.

అక్క అడిగింది ఒక తేదీ గురించే. కానీ బోర్డును చదివేవాళ్లు ఉన్నారని ఆ కంపెనీకి తెలిసింది. చదివేవాళ్లు ఉంటేనే లెక్క సరిగా రాస్తారు.

గుర్తుంచుకోండి

14001 అంటే నేల, నీరు, గాలి లెక్క రాసుకునే పద్ధతి.

సర్టిఫికెట్ ఒక ఒప్పుకోలు. రుజువు మన బోరులో, వాగులో ఉంటుంది.

బోర్డు మీద ముందు తేదీ చదవాలి. తర్వాత అంకెలు పోల్చాలి.

ఆలోచించండి

మీ ఇంటి దగ్గర ఏ ఫ్యాక్టరీ ఉంది? దాని గేటు ముందు బోర్డు ఉందా?

దాని మురుగు నీళ్లు ఎటు పోతాయి?

ఈ వారం ఒక బోర్డు మీది తేదీ, మూడు అంకెలు మీ నోటుబుక్కులో రాసుకుని రండి. అందరం కలిసి చదువుదాం.